బార్డర్‌లైన్ స్క్రీనింగ్ ప్రశ్నావళి: ఎలా నింపాలి, ఆ కాగితంతో డాక్టర్ దగ్గరికి ఎలా వెళ్లాలి

"ఆన్‌లైన్‌లో పది ప్రశ్నల టెస్ట్ చేస్తే 8 వచ్చింది. నాకు బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ ఉన్నట్టేనా? ఎవరికి చూపించుకోవాలి?" ఈ రెండు ప్రశ్నలూ జంటగా వస్తూనే ఉంటాయి. బార్డర్‌లైన్ అంటే మూడ్, కోపం, బంధాలు, తనెవరన్న భావన ఏళ్ల తరబడి నిలకడ తప్పే మానసిక సమస్య. మొదటిదానికి జవాబు చిన్నది. ఆ 8 రోగ నిర్ధారణ కాదు, ఒకసారి లోతుగా చూపించుకోవాలన్న సూచన మాత్రమే. పనంతా రెండో ప్రశ్నలోనే ఉంది. స్కోర్ కంటే, ఆ స్కోర్ వెనక మీరు రాసుకున్న ఉదాహరణలు, గత ఏడాది మీరు తిరిగిన ఆస్పత్రుల చిట్టా డాక్టర్‌కి పదింతలు ఉపయోగపడతాయి. ఆ రెండూ తయారు చేసుకోవడం ఎలాగో ఇక్కడ వరుసగా చెబుతున్నాం.

అన్నిటికంటే ముందు: చనిపోవాలన్న ఆలోచన ఇప్పుడు గట్టిగా ఉన్నా, మిమ్మల్ని మీరు గాయపరుచుకునే స్థితిలో ఉన్నా ప్రశ్నావళి పక్కన పెట్టండి. 14416కి ఫోన్ చేయండి. ఇది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వ ఉచిత సేవ, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఇప్పటికే గాయమైనా, ఏదైనా మింగినా 108కి ఫోన్ చేసి దగ్గర్లోని క్యాజువాలిటీకి వెళ్లండి. పోలీసు కేసు భయంతో ఆగవద్దు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. ఆస్పత్రిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) అని రాస్తారు. అది వాళ్ల రికార్డు పద్ధతి. ముందు వైద్యం, తర్వాతే కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో తేల్చింది.

కావలసినవి

- ప్రశ్నావళి కాపీ, నాలుగు తెల్ల కాగితాలు, పెన్ను. ఫోన్‌లో కాకుండా కాగితం మీద నింపండి.
- ఎవరూ కదిలించని 40 నిమిషాలు.
- గత ఏడాది ప్రిస్క్రిప్షన్లు, డిశ్చార్జ్ సమ్మరీలు, రక్తపరీక్షల రిపోర్టులు.
- ఇప్పుడు వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు. పేర్లు రాసుకుంటే చాలదు, డోసు కనిపించేలా స్ట్రిప్పునే పట్టుకెళ్లాలి.
- వీలైతే, మిమ్మల్ని చిన్నప్పటి నుంచి ఎరిగిన ఒక మనిషి. అమ్మ, అక్క, పాత స్నేహితురాలు, ఎవరైనా సరే.

1. సరైన ప్రశ్నావళి తీసుకోండి

ఎక్కువగా వాడేది ఎంఎస్ఐ–బీపీడీ (మెక్‌లీన్ స్క్రీనింగ్ ఇన్‌స్ట్రుమెంట్). అమెరికాలోని మెక్‌లీన్ హాస్పిటల్‌లో మేరీ జానరీని బృందం తయారుచేసి 2003లో ప్రచురించింది. పది ప్రశ్నలు, ప్రతిదానికీ అవును లేదా కాదు. 7 గానీ అంతకు మించి గానీ వస్తే పాజిటివ్. వ్యక్తిత్వ సమస్యల ప్రశ్నావళి పీడీక్యూ–4లో బార్డర్‌లైన్ భాగం తొమ్మిది ప్రశ్నలు, అక్కడ పాజిటివ్ మొదలయ్యే గీత 5 దగ్గర. సెల్ఫ్ హార్మ్ ఇన్వెంటరీలో 22 ప్రశ్నలు, అక్కడా గీత 5. బార్డర్‌లైన్ లక్షణాల జాబితా బీఎస్ఎల్–23 మాత్రం పూర్తిగా వేరే పని చేస్తుంది. గత వారం రోజుల్లో బాధ ఎంత తీవ్రంగా ఉందో 23 ప్రశ్నల్లో, ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు కొలుస్తుంది.

ఒకదాని గీతను ఇంకోదానికి పెట్టవద్దు. పీడీక్యూలో 6 వస్తే పాజిటివ్, ఎంఎస్ఐలో అదే 6 నెగెటివ్. "మీ పర్సనాలిటీ ఎంత శాతం బార్డర్‌లైన్" అని శాతాలిచ్చే వెబ్‌సైట్లు, ఈమెయిల్ ఇస్తేనే ఫలితం చూపించేవి వదిలేయండి. తెలుగులో ఎవరో అనువదించి పెట్టిన కాపీ దొరికితే చదువుకోండి, కానీ 7 అన్న గీత ఇంగ్లీషు ప్రశ్నల మీద, అమెరికా పేషెంట్ల మీద తేల్చినదని గుర్తుంచుకోండి. ఇంగ్లీషు కాపీ ముందు పెట్టుకుని, అర్థం కాని ప్రశ్న దగ్గర తెలుగు చూసుకోవడం మేలు.

2. రోజు ఎంచుకోండి

పెద్ద గొడవ జరిగిన రోజు, బ్రేకప్ అయిన వారం, మద్యం తాగిన రాత్రి, నిద్రలేని మర్నాడు నింపవద్దు. ఆ రోజుల్లో ఎవరికైనా నాలుగైదు "అవును"లు ఎక్కువ పడతాయి. నెలసరికి ముందు వారం మూడ్ బాగా మారే అలవాటుంటే, నెలసరి అయ్యాక నింపండి. ప్రసవమై కొద్ది నెలలే అయితే ఈ ప్రశ్నావళి వద్దు, నేరుగా డాక్టర్‌తో మాట్లాడండి.

ఇంకొకరి కోసం నింపవద్దు. భర్త గురించి భార్య, కోడలి గురించి అత్త, కూతురి గురించి తండ్రి నింపిన కాగితాలు దేనికీ పనికిరావు. గొడవలో "నీకు బార్డర్‌లైన్ ఉంది, నేను టెస్ట్ చేశాను" అనడానికి వాడితే, ఆ మనిషి డాక్టర్ దగ్గరికి వచ్చే దారి కూడా మూసుకుపోతుంది.

3. ఒక్కో ప్రశ్నా నింపండి

ఈ ప్రశ్నలన్నీ ఏళ్ల తరబడి ఉన్న తీరు గురించి. నిన్నటి గురించి కాదు. ప్రతి "అవును" పక్కన రెండు ఉదాహరణలు రాయాలని నియమం పెట్టుకోండి. అవి రెండు వేర్వేరు కాలాలవి, ఇద్దరు వేర్వేరు మనుషులతో జరిగినవి అయ్యుండాలి. రెండూ దొరకకపోతే ప్రశ్నార్థకం పెట్టండి. ఎంఎస్ఐ పది ప్రశ్నలు దేని గురించి అడుగుతాయో, ఎక్కడ తప్పు పడుతుందో చూడండి.

*దగ్గరి బంధాల్లో గొడవలు, తెగిపోవడాలు.* ఇంట్లో కొట్టడం, తిట్టడం, కట్నం వేధింపులు ఉంటే ఆ గొడవలు మీ వ్యక్తిత్వ లక్షణం కావు. ఆ సంగతి ప్రశ్న పక్కనే రాయండి. కోపం, అపనమ్మకం ప్రశ్నలకూ ఇదే వర్తిస్తుంది. మహిళల హెల్ప్‌లైన్ 181.

*స్వీయగాయం లేదా ఆత్మహత్యాయత్నం.* రెంట్లో ఏ ఒక్కటి జరిగినా "అవును". చాలామంది "చచ్చిపోదామని కాదు, కోపంలో చేసుకున్నా" అని "కాదు" గుర్తు పెడతారు. ఉద్దేశం ఏదైనా, కావాలని చేసుకున్నదైతే చాలు. వివరాలు రాయనక్కర్లేదు, ఏ సంవత్సరంలో, వైద్యం అవసరమైందా అన్నది రాస్తే సరిపోతుంది.

*ఆపుకోలేని పనులు.* ఇక్కడ కనీసం రెండు ఉండాలి. అదుపు లేకుండా తినడం, డబ్బు తగలేయడం, అతిగా తాగడం, నోటికొచ్చినట్టు అరవడం వంటివి. పండక్కి క్రెడిట్ కార్డు మీద బట్టలు కొన్నది ఒక్కటే ఉంటే "కాదు".

*మూడ్ విపరీతంగా మారడం.* అవునంటే, ఒక్కో మూడ్ ఎంతసేపు ఉంటుందో తప్పకుండా రాయండి. బార్డర్‌లైన్‌లో సాధారణంగా కొన్ని గంటలు, అరుదుగా రెండు మూడు రోజులు దాటుతుంది. ఎవరో ఏదో అంటే మారుతుంది, మళ్లీ వాళ్లే మంచిగా మాట్లాడితే సర్దుకుంటుంది. నాలుగు రోజులు గానీ అంతకు మించి గానీ వరసగా నిద్ర అక్కర్లేనంత హుషారు, మాటల జోరు, పెద్ద పెద్ద ప్లాన్లు ఉన్నాయంటే డాక్టర్ బైపోలార్ (అతి హుషారు, దిగులు విడతలుగా వచ్చే జబ్బు) వైపు చూస్తారు. మందులు పూర్తిగా మారిపోతాయి కాబట్టి ఈ ఒక్క వివరానికి ఎంతో విలువ.

*కోపం.* తరచూ, ఎక్కువగా, మాటల్లోనో చేతల్లోనో బయటపడేది.

*మనుషుల మీద అపనమ్మకం. తనూ చుట్టూ ఉన్నదీ నిజం కానట్టు అనిపించడం.* ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. డాక్టర్లు నిర్ధారణకు వాడే ప్రమాణాల్లో ఇవి ఒకే లక్షణం కింద వస్తాయి. అందుకే ప్రమాణాలు తొమ్మిదైతే ఇక్కడ ప్రశ్నలు పది. మోసపోయాక మోసం చేసినవాణ్ని నమ్మకపోవడం అపనమ్మకం కాదు. ధ్యానంలోనో, మగతలోనో కలిగిన అనుభవాన్ని రెండోదాంట్లో వేయవద్దు.

*లోపల ఖాళీగా అనిపించడం.* విసుగు వేరు, ఒంటరితనం వేరు. పదిమందిలో ఉన్నా, పండగ నాడైనా, ఏళ్లుగా అలాగే ఉంటేనే "అవును". ఆరు నెలల నుంచే మొదలైతే ఆ తేదీ రాయండి, అది డిప్రెషన్ కావచ్చు.

*నేనెవరో నాకే తెలియకపోవడం.* ఇంటర్ తర్వాత ఏ కోర్సు తీసుకోవాలో తేలకపోవడం ఇందులోకి రాదు. ఎవరితో ఉంటే వాళ్లలా మారిపోవడం, ఇష్టాలూ నమ్మకాలూ పదేపదే తలకిందులు కావడం వస్తుంది.

*వదిలేస్తారన్న భయంతో తెగించి చేసే పనులు.* భయం ఒక్కటే ఉంటే సరిపోదు, పని ఉండాలి. ఫోన్ ఎత్తేదాకా ముప్పైసార్లు చేయడం, కాళ్లు పట్టుకుని బతిమాలడం, వెళ్లకుండా తలుపుకు అడ్డంగా నిలబడటం లాంటివి.

4. స్కోర్ సరిచూసుకోండి

"అవును"లు లెక్కపెట్టండి. తర్వాత ప్రశ్నార్థకాలన్నీ "కాదు" అనుకుని ఒకసారి, "అవును" అనుకుని ఒకసారి లెక్కేయండి. 5 నుంచి 8 మధ్య అని వస్తే అలాగే రాయండి. ఒకే అంకె తేల్చాలని పట్టుబట్టనక్కర్లేదు. రెండు వారాలాగి, మొదటి కాగితం చూడకుండా మళ్లీ నింపండి. మూడు, అంతకు మించి జవాబులు మారితే మొదటిసారి మూడ్ మాట్లాడిందని అర్థం. రెండు కాగితాలూ డాక్టర్‌కి చూపించండి.

7 గానీ అంతకు మించి గానీ వస్తే ఎంత నమ్మవచ్చు? 2003 నాటి పరిశోధనలో ఈ ప్రశ్నావళి బార్డర్‌లైన్ ఉన్న నూరుమందిలో 81 మందిని పట్టుకుంది. లేనివాళ్లలో నూటికి 15 మందిని పొరపాటున ఉన్నట్టు చూపించింది. ఇవే అంకెలతో లెక్కేద్దాం. వెయ్యిమంది మామూలు జనంలో 20 మందికి నిజంగా ఉందనుకోండి. టెస్ట్ వాళ్లలో 16 మందిని పట్టుకుంటుంది. మిగతా 980 మందిలో 147 మందికి అనవసరంగా పాజిటివ్ చూపిస్తుంది. అంటే పాజిటివ్ వచ్చిన 163 మందిలో నిజమైనవాళ్లు పదో వంతే. అదే సైకియాట్రీ ఓపీలో వెయ్యిమందికి వందమందికి ఉందనుకుంటే, పాజిటివ్ వచ్చినవాళ్లలో మూడో వంతు దాటుతారు. ఇంట్లో ఒంటరిగా ఫోన్ పట్టుకుని తెచ్చుకున్న 8, డాక్టర్ గదిలో వచ్చిన 8 ఒకటి కావనడానికి కారణం ఇదే.

నెగెటివ్ వచ్చినా, స్వీయగాయం గురించిన రెండో ప్రశ్నకు "అవును" అయితే డాక్టర్‌ని కలవాల్సిందే. ఆ ఒక్క జవాబే చాలు.

18 ఏళ్లలోపు వాళ్లకు ఈ స్కోర్ చూసి పేరు పెట్టవద్దు. డాక్టర్లు కూడా ఆ వయసులో లక్షణాలు కనీసం ఏడాది పాటు నిలకడగా ఉంటేనే లెక్కలోకి తీసుకుంటారు.

5. ఏడాది ఆస్పత్రుల చిట్టా రాయండి

ఈ మెట్టు చాలామంది దాటేస్తారు. దయచేసి దాటవద్దు. బార్డర్‌లైన్ ప్రశ్నావళుల్లో ఎక్కువ స్కోర్ వచ్చినవాళ్లు ఎక్కువమంది డాక్టర్లను చూపించుకుంటారని అమెరికాలో రాండీ సాన్సోన్ బృందం అధ్యయనాల్లో తేలింది. మన దగ్గర అది ఇలా కనిపిస్తుంది: గుండెదడకి ఒక ఆస్పత్రి, తలనొప్పికి న్యూరో, కడుపు మంటకి గ్యాస్ట్రో, నీరసానికి ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సెలైన్, నిద్రకి మెడికల్ షాపు మాత్ర. ఏ ఒక్కరికీ మొత్తం బొమ్మ కనపడదు.

ఒక కాగితం మీద అయిదు గడులు గీయండి: నెల, ఎక్కడికి వెళ్లారు, ఏ బాధతో, ఏం చేశారు లేదా ఏం రాశారు, ఆ ముందు రెండు రోజుల్లో ఏం జరిగింది. చివరి గడి చాలా ముఖ్యం. పన్నెండు నెలలు వెనక్కి వెళ్లండి. గుర్తు రాకపోతే ఫోన్‌పే, గూగుల్ పే లావాదేవీల్లో ఆస్పత్రి, మెడికల్ షాపు చెల్లింపులు వెతికితే తేదీలు దొరుకుతాయి.

నింపాక మూడు విషయాలు చూడండి. ఒకే పరీక్ష రెండు మూడుసార్లు చేశారా? ఆందోళనకి, నిద్రకి ఇచ్చే అల్ప్రాజోలం, క్లోనజెపాం లాంటి మాత్రలు ఇద్దరు డాక్టర్లు రాశారా? రాత్రిపూట క్యాజువాలిటీకి వెళ్లినప్పుడల్లా ముందు గొడవ ఉందా? రెండోదానికి అవునంటే ఈ వారమే డాక్టర్‌కి చెప్పండి, కానీ మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు. రోజూ వాడుతున్న ఈ మాత్రలు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు.

హెచ్చరిక: చిట్టా చూసి "అంతా మానసికమే" అని మీరు గానీ ఇంట్లోవాళ్లు గానీ తీర్మానించవద్దు. బార్డర్‌లైన్ ఉన్నవాళ్లకీ థైరాయిడ్ ఉంటుంది, అపెండిసైటిస్ వస్తుంది, గుండెపోటు వస్తుంది. కొత్తగా వచ్చిన ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం, ఒకవైపు బలహీనత వస్తే నేరుగా ఎమర్జెన్సీకే.

6. ఎక్కడికి వెళ్లాలి

మొదటిసారి సైకియాట్రిస్టునే కలవండి. ఎండీ సైకియాట్రీ, డీఎన్‌బీ సైకియాట్రీ, డీపీఎం వీటిలో ఒకటి బోర్డు మీద ఉండాలి. ప్రభుత్వ వైద్యమైతే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. హైదరాబాద్ ఎర్రగడ్డలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్, విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. రాయలసీమ వాళ్లలో చాలామంది బెంగళూరు నిమ్‌హాన్స్‌కి వెళ్తారు. దూరం వెళ్లే ముందు 14416కి ఫోన్ చేసి మీ జిల్లాలో ఎక్కడ ఓపీ ఉందో అడగండి.

టాక్ థెరపీకి (మాటలతో చేసే చికిత్సకి) క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడగడం తప్పేమీ కాదు, ఉన్నవాళ్లు వెంటనే చెబుతారు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు: బ్రిటన్‌లో ముందు జీపీని (ఫ్యామిలీ డాక్టర్‌ని) కలవాలి, అక్కడి నుంచి మానసిక ఆరోగ్య టీమ్‌కి పంపిస్తారు. అమెరికాలో ఆత్మహత్య ఆలోచనల్లాంటి మానసిక సంక్షోభానికి 988. అపాయింట్‌మెంట్‌కి ముందు ఆ డాక్టర్ మీ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్నారో లేదో చూసుకోండి. స్టూడెంట్ వీసా మీదున్నవాళ్లు యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌తో మొదలుపెట్టవచ్చు.

7. ఓపీ గదిలో

రద్దీ ఓపీలో మీకు దొరికేది పది నిమిషాలైతే గొప్ప. బాల్యం నుంచి మొదలుపెడితే అసలు సంగతికి రాకముందే బెల్ కొడతారు. ఇలా మొదలుపెట్టండి:

"డాక్టర్ గారూ, పద్దెనిమిదేళ్ల వయసు నుంచి మూడ్, కోపం, బంధాలు అదుపులో ఉండటం లేదు. ఈ ఏడాది ఇన్నిసార్లు ఆస్పత్రికి వెళ్లాను, చిట్టా ఇదిగో. ఒక స్క్రీనింగ్ ప్రశ్నావళి నింపాను, ఉదాహరణలు పక్కన రాశాను. స్వీయగాయం ఫలానా సంవత్సరంలో ఉంది. ఇది ఏమిటో తేల్చడానికి వివరంగా చూస్తారా?"

"నాకు బార్డర్‌లైన్ ఉంది" అని మొదలుపెట్టవద్దు. అలా అంటే సంభాషణ ఆ పేరు చుట్టూనే తిరుగుతుంది, డిప్రెషన్, బైపోలార్, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవని సమస్య), పాత గాయాల తాలూకు పీటీఎస్‌డీ, మద్యం, థైరాయిడ్ పక్కకు పోతాయి. ఇవన్నీ ఈ ప్రశ్నావళిలో "అవును"లు తెప్పించగలవు, కొన్ని బార్డర్‌లైన్‌తో కలిసీ ఉండవచ్చు.

ఇంట్లోవాళ్లు పక్కన ఉంటే చెప్పలేని మాటలుంటాయి. "అయిదు నిమిషాలు ఒక్కదాన్నే మాట్లాడాలి" అని అడగండి. మీ వివరాలు గోప్యంగా ఉంచడం పైన చెప్పిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ కింద మీ హక్కు. ఆ తర్వాత మిమ్మల్ని ఎరిగిన మనిషిని లోపలికి పిలిస్తే, ఏళ్ల నాటి తీరు గురించి వాళ్లు చెప్పేది నిర్ధారణకు బాగా పనికొస్తుంది.

మొదటిరోజే పేరు చెప్పకపోతే నిరాశపడకండి. సరైన నిర్ధారణకు ముందే ఖాయం చేసిన ప్రశ్నల వరుసతో సాగే ఇంటర్వ్యూ, రెండు మూడు సిటింగ్‌లు పడతాయి. అయిదు నిమిషాల్లో స్కోర్ చూసి పేరు రాసిచ్చేస్తే మాత్రం రెండో అభిప్రాయం తీసుకోండి.

8. మందులు, థెరపీ

బార్డర్‌లైన్‌కంటూ ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు లేదు. చికిత్సల మీద మార్గదర్శకాలిచ్చే బ్రిటన్ నైస్ సంస్థ 2009 మార్గదర్శకం ప్రకారం మందులు పక్కన ఉన్న డిప్రెషన్ లాంటివాటికే. సంక్షోభంలో మగత మాత్ర ఇచ్చినా వారం మించకూడదు. మీకు నాలుగైదు రకాలు రాస్తే, "ఒక్కోటి దేనికి, ఎన్నాళ్లు, ఎప్పుడు ఆపుతారు?" అని అడిగి స్ట్రిప్పు మీద రాసుకోండి. స్వీయగాయం చరిత్ర ఉంటే ఒకేసారి నెల మాత్రలు వద్దని, వారానికే రాయమని మీరే అడగండి.

ప్రధాన చికిత్స టాక్ థెరపీ. అమెరికన్ సైకాలజిస్టు మార్షా లీనెహన్ రూపొందించిన డీబీటీకి (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీకి) పరిశోధన బలం ఎక్కువ: వారానికో వ్యక్తిగత సెషన్, వారానికో స్కిల్స్ క్లాసు, సాధారణంగా ఏడాది. మీ ఊళ్లో పూర్తి డీబీటీ దొరకకపోతే ఆగిపోవద్దు. డీబీటీ స్కిల్స్ నేర్పే సైకాలజిస్టుతో ఆన్‌లైన్ సెషన్లు, వాటితోపాటు ఒకే సైకియాట్రిస్టు దగ్గర నిలకడైన ఫాలోఅప్ మంచి ప్రత్యామ్నాయం.

ఫాలోఅప్ తేదీలు ముందే ఖాయం చేసుకోండి. బాగున్నా, బాగోకపోయినా ఆ తేదీకి వెళ్లాలి. బాధ పెరిగినప్పుడే డాక్టర్ దొరుకుతారన్న అలవాటు పడితే, డాక్టర్‌ని కలవడానికి బాధ పెరగాల్సి వస్తుంది. దంతాలు, జ్వరం, ఎమర్జెన్సీ తప్ప మిగతా ఏ స్పెషలిస్టు దగ్గరికైనా ఈ డాక్టర్‌కి చెప్పి వెళ్లండి.

9. రాత్రి వేళకి ఒక కాగితం

బాగున్న రోజు కూర్చుని రాసి, బీరువా తలుపుకి అంటించండి. ముంచుకొస్తున్నట్టు చెప్పే మూడు గుర్తులు. ఒంటరిగా చేయగలిగే మూడు పనులు: చల్లటి నీళ్లతో మొహం కడుక్కోవడం, గబగబా నడవడం, ఆ గది వదిలి జనం ఉన్నచోట కూర్చోవడం. ఫోన్ చేయగల ఇద్దరి పేర్లు. డాక్టర్ నంబరు. 14416. 108.

ఇంట్లోవాళ్ల పని కూడా ఇందులో రాయండి. మాత్రలు, పురుగుమందులు తాళం వేసి ఉంచాలి, తాళం వాళ్ల దగ్గర ఉండాలి. వ్యవసాయం చేసే ఇళ్లలో ఈ ఒక్క జాగ్రత్త ప్రాణం కాపాడుతుంది.

10. మూడు నెలలకోసారి చూసుకోండి

బాగుపడుతున్నామో లేదో చూడటానికి నెలనెలా ఎంఎస్ఐ మళ్లీ నింపడం చాలామంది చేసే తప్పు. జీవితకాలపు తీరు అడిగే ప్రశ్నలకు జవాబు "అవును" నుంచి కదలదు. స్కోర్ తగ్గలేదని కుంగిపోతారు, థెరపీ మానేస్తారు. దానికి బదులు బీఎస్ఎల్–23 నెలకోసారి, అదే వారం, అదే సమయానికి నింపండి. దాంతోపాటు చిట్టాలో రెండు అంకెలు లెక్కేయండి: ఈ మూడు నెలల్లో అనుకోకుండా వెళ్లిన ఆస్పత్రి సందర్శనలు ఎన్ని, ముందే ఖాయమైన ఫాలోఅప్‌లకు వెళ్లినవి ఎన్ని. మొదటిది తగ్గి, రెండోది పెరుగుతుంటే దారి సరిగ్గానే ఉంది, మనసుకి అలా అనిపించకపోయినా సరే.

ఆరు నెలలైనా రెండూ కదలకపోతే, ఆ కాగితాలన్నీ పట్టుకుని డాక్టర్‌ని చికిత్స ప్లాన్ మార్చమని అడగండి. డాక్టర్ మారాలనుకుంటే, ముందు పాత ఆస్పత్రి నుంచి రికార్డుల కాపీ తీసుకోండి. అదే 2017 చట్టం 25వ సెక్షన్ కింద మీ ప్రాథమిక వైద్య రికార్డులు అడిగే హక్కు మీకుంది. కొత్త డాక్టర్ దగ్గర మళ్లీ మొదటి ప్రశ్న నుంచి మొదలుపెట్టాల్సిన పని ఉండదు.